వెనక గది వెచ్చదనం

"ఆ సీసా మనింట్లో నింపిందని ఆఫీసులో ఎవరికైనా చెప్పావా, లేదా? ముందు అది చెప్పు."

మొగుడు ఈ ప్రశ్న వెయ్యడం ఇది నాలుగోసారి. నాలుగుసార్లూ సీసాలమ్మ నోరు విప్పలేదు. గుమ్మం దాటి వచ్చి, చెప్పులైనా విప్పకుండా, సంచీ బల్లమీద పెట్టి, అందులోంచి తువ్వాలులో చుట్టిన వస్తువేదో బయటికి తీస్తోంది. ముడి ఓ పట్టాన రావడం లేదు.

"నిన్నే! చెవుల్లో ఏం పెట్టుకున్నావ్?"

"చెప్పలేదు," అంది ఆఖరికి. "సీసామీద అంకె వెయ్యలేదు. చీటీ అంటించలేదు. ఎవరూ లేనప్పుడు నేనే యంత్రంలో పెట్టాను, నేనే కడిగేశాను. చాలా, ఇంకేమైనా కావాలా?"

మొగుడు ఊపిరి పీల్చుకుని కుర్చీలో కూలబడ్డాడు. బొగ్గు లారీ తోలి పొద్దున్నే ఇల్లు చేరిన మనిషి, ఇంకా నిద్రపోలేదు. కంటిరెప్పల చుట్టూ కాటుక పెట్టినట్టు బొగ్గుపొడి అలాగే ఉంది.

గనిలో అందరూ ఆమెను సీసాలమ్మ అనే పిలుస్తారు. పదకొండేళ్ళుగా ఆమె పని అదే మరి. భూమి లోపల బొగ్గు తవ్వేసి వదిలేసిన సొరంగాలకు అడ్డంగా గోడలు కట్టి మూసేస్తారు. ఆ గోడల్లో వేలు పట్టేంత గొట్టం ఒకటి వదులుతారు. రోజూ ఆ గొట్టాల దగ్గర సీసాల్లో గాలి పట్టి పైకి పంపిస్తారు. ఆ గాలిలో ఏముందో చూసి పుస్తకంలో రాయడం సీసాలమ్మ ఉద్యోగం. గోడ వెనక మిగిలిన బొగ్గు దానంతటది రాజుకుందంటే, పొగా మంటా కంటపడక ముందే ఆమె సీసా చెప్పేస్తుంది. రంగు లేదు, రుచి లేదు, వాసన లేదు ఆ గాలికి. పది లక్షల పాళ్ళలో యాభై పాళ్ళు దాటిందంటే లోపలున్న మనుషుల్ని ఉన్నపళాన పైకి పిలిచెయ్యాలి.

నిన్న సాయంత్రం ఆమె సొంత ఇంట్లో, వెనక గదిలో, కూతురు పడుకునే చాప పక్కన నేలమీద కూచుని ఒక సీసా నింపింది. ఇవాళ పొద్దున ఆ సీసాలో తేలిన అంకె నూట ఇరవై. ఇంట్లో అడుగు పెడుతూనే మొగుడికి చెప్పిన మాట అదొక్కటే.

రెండోసారి చూసింది. మూడోసారి చూసింది. ఆ యంత్రం పాడైతే బావుణ్ణని ఉద్యోగంలో చేరాక మొట్టమొదటిసారి కోరుకుంది. వేరే సీసాలు పెట్టి చూస్తే యంత్రం నిక్షేపంలా ఉంది.

"నువ్వు నోరు జారితే ఏమవుతుందో తెలుసా?" మొగుడు గొంతు తగ్గించాడు. "రేపీపాటికి ఈ వరస ఆరిళ్ళూ ఖాళీ చేయిస్తారు. మనకింద ఉన్న పాత సొరంగం పక్కన కొత్తగా తెరిచిన సొరంగమూ మూసేస్తారు. నాలుగొందల మంది పని లేక రోడ్డుమీద నిలబడి, నీ పెళ్ళాం వల్లేరా అని నా మొహాన ఉమ్మేస్తారు."

"పిల్లకేమైనా అయితే మీ మొహం మీరు ఎక్కడ పెట్టుకుంటారు?"

ఆ మాట బయటికి రాగానే ఇద్దరూ భయపడ్డారు. ఆమె నాలుక కరుచుకుంది. అతను కిటికీవైపు తిరిగాడు.

మూడు రోజులుగా పొద్దున లేచీ లేవగానే పిల్లకు తలనొప్పి, వాంతి. కాసేపు వీధిలో తిరిగిందంటే మళ్ళీ మామూలే. ఆరేళ్ళ ఆ పిల్ల నిలబడిన చోట నిలబడదని తాత బొంగరం అని పేరు పెట్టాడు. కన్నవాళ్ళు పెట్టిన పేరు బడి పుస్తకంలో తప్ప ఇంకెక్కడా మిగల్లేదు. అలాంటి బొంగరం ఇవాళ పొద్దున లేపితే తల ఎత్తలేకపోయింది. "ఇంకాసేపమ్మా" అని గోడవైపు తిరిగిపోయింది. అంకె ఇంకా తేలనే లేదు అప్పటికి. అయినా పిల్లను భుజాన వేసుకుని, ఇంట్లో ఒక్కరికీ ఒక్క మాట చెప్పకుండా, వరస చివర ఆరో ఇంట్లో పంతులమ్మ దగ్గర దింపి పనికి పోయింది. పంతులమ్మ వరసలోని పిల్లల్ని పగటిపూట కనిపెట్టుకుని ఉంటుంది. మూడోదైన తమ ఇంట్లో ఏమున్నా ఆరో ఇంటిదాకా రాదు కదా అనుకుంది.

ఇంట్లో చెప్పకపోవడానికి కారణముంది. రాత్రి భోజనాల దగ్గర, పిల్లను వెనక గదిలో పడుకోబెట్టనని ఆమె అంటే మామగారు ఒక్క ముక్క అనకుండా కంచం ముందునుంచి లేచిపోయాడు. ముసలాయన మనసు కష్టపెట్టావని మొగుడు ఎగిరాడు. ఆ తర్వాత ముగ్గురూ ముడుచుకుపోయి మాట్లాడుకోవడం మానేశారు. పిల్ల మాత్రం రాత్రి ఎవరూ చూడకుండా నిద్రమత్తులో తనకు అలవాటైన చోటికే వెళ్ళి పడుకుంది.

తువ్వాలు ముడి వచ్చింది. లోపల అరచేతిలో పట్టే పసుపుపచ్చ డబ్బా ఉంది.

"ఇదేంటి?"

"మీటరు. లోపలికి దిగేవాళ్ళు నడుముకు తగిలించుకునేది. సీసాలో అయితే నిన్నటి గాలి. ఇది ఇప్పటిది చెబుతుంది."

"దొంగతనంగా తెచ్చావా?"

"అవును, దొంగతనంగానే తెచ్చాను. రా, నీ కళ్ళతో నువ్వే చూద్దువుగాని."

కోపం తలకెక్కితే ఆమె నోట 'మీరు' కాస్తా 'నువ్వు' అయిపోతుంది. ఆ సంగతి తెలిసిన మొగుడు మారుమాట్లాడకుండా లేచాడు.

వసారాలో మామగారు గోడకానుకుని కూచుని ఉన్నాడు. వీళ్ళిద్దరూ లోపలికి పోవడం చూశాడు. చూసి తల తిప్పుకున్నాడు.

*

ఆ వెనక గది అంటే వరసంతటికీ మోజు. ముసురు పట్టిన రోజుల్లో అందరి తడిబట్టలూ అక్కడికే వచ్చేవి. పసిపిల్ల పుట్టిన ఇంటివాళ్ళు స్నానం చేయించి తుడవడానికి అక్కడికే తెచ్చేవాళ్ళు. మోకాళ్ళ నొప్పులవాళ్ళు వచ్చి కాళ్ళు బారజాపుకుని కబుర్లు చెప్పుకునేవాళ్ళు. "మా గదిలో దుప్పటి గంటలో ఆరుతుంది, మీ ఎండ ఎందుకు పనికొస్తుంది?" అని మామగారు గొప్పలు పోయేవాడు. నేలలోంచి గోరువెచ్చగా, తల్లి ఒడిలా, ఎప్పుడూ ఒకే తీరు వేడి.

వచ్చినవాళ్ళంతా బొగ్గు మనుషులే. తవ్వేవాళ్ళు, మోసేవాళ్ళు, లెక్క చూసేవాళ్ళు. కింద పాత సొరంగం ఉందని తెలియని వాళ్ళు లేరు. వేడి మొదలైన ఈ పన్నెండేళ్ళలో ఒక్కరంటే ఒక్కరు, ఈ నేల ఎందుకింత వెచ్చగా ఉందని అడిగిన పాపాన పోలేదు. సుఖంగా ఉంటే ఎవరడుగుతారు! అడగాల్సిన వాళ్ళలో మొదటి మనిషి తనే కదా అనుకుంటే సీసాలమ్మకు సిగ్గుతో చచ్చినంత పనైంది.

మీటరు మీట నొక్కి చాపమీద పెట్టింది. అంకె నిలకడగా రావడానికి రెండు నిమిషాలు పడుతుంది. ఇద్దరూ చెరో గోడకూ ఆనుకుని నిలబడ్డారు. బయట గాలి ఈడ్చి కొడుతోంది. కాలం కాని కాలంలో వస్తున్న తుఫాను, ఈ ఏడాదికి ఇది మూడోది. నెల రోజులు నిప్పులు చెరిగిన ఆకాశం ఇవాళ పొద్దుటినుంచీ సీసం రంగులో ఉంది.

"ఎప్పుడు ఏం ముంచుకొస్తుందో తెలియకుండా పోయింది ఈ మధ్య," అన్నాడు మొగుడు, ఏదో ఒకటి అనాలి గనక.

సీసాలమ్మ వినలేదు. గోడమీద బొంగరం సుద్దముక్కతో గీసిన బొమ్మ చూస్తోంది. కింద వరసగా చెట్లు. అన్నీ అడ్డంగా పడుకుని ఉన్నాయి. ప్రతి చెట్టుకూ మూసిన కళ్ళు గీసింది. పైన గీత, గీతమీద ఇల్లు, ఇంట్లో నలుగురు మనుషులు.

ఆ కథ తను చెప్పిందే. అనగనగా పెద్ద అడవి, ఆ చెట్లు గాలిలోంచి మసి తిని పెరిగి పెరిగి, బురదలో పడి, మట్టి కప్పుకుని లక్షల ఏళ్ళు నిద్రపోయాయి, అదే బొగ్గు. మనం వాటిని లేపి మండిస్తే, తిన్న మసంతా మళ్ళీ గాలిలోకి వదిలేస్తాయి.

"వదిలేస్తే ఎటు పోతుంది?" అంది బొంగరం.

"పైకిపోయి కలిసిపోతుంది."

"కలిసిపోతే అయిపోతుందా?"

"అయిపోదు. మళ్ళీ చెట్లు తినాలి."

"మరి చెట్లన్నీ పడుకున్నాయిగా?"

అప్పుడు నవ్వొచ్చి ముద్దు పెట్టుకుంది. ఇవాళ ఆ మూసిన కళ్ళు చూడలేక తల తిప్పుకుంది.

మీటరు ఒక్కసారి టిక్కుమంది.

మొగుడే ముందు వంగాడు. చూశాడు. చూసి, డబ్బా పైకెత్తి ఆమె కళ్ళముందు పెట్టాడు.

సున్నా.

"ఏం, మహాతల్లీ?" అన్నాడు. గొంతులో వెటకారం కంటే ఏడుపు ఎక్కువుంది. "ఏదీ నీ నూట ఇరవై? సీసా కడగడం చేతకాలేదని ఒప్పుకో. రాత్రినుంచి నా ప్రాణం తీశావు కదే!"

ఆమె డబ్బా లాక్కుని మూలమూలా పెట్టింది. చాపకింద సున్నా. గోడ వారన సున్నా. గుమ్మం దగ్గర సున్నా. నేలమీద చతికిలబడింది. పోయిన ప్రాణం లేచొచ్చినట్టయింది. నిజంగా సీసాలోనే తప్పుందేమో. పిల్లకు వేరే ఏదైనా జబ్బేమో. జబ్బయితే మందుంటుంది. ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి.

కానీ పొద్దున ఆఫీసు గోడమీది బారోమీటరు గుర్తొచ్చింది. గాలి బరువు చూపించే ఆ ముల్లు పొద్దుటినుంచీ దిగుతూనే ఉంది. తుఫాను ముందు ఎప్పుడూ అంతే. పైన గాలి తేలికపడితే కింద గని ఊపిరి వదులుతుంది. లోపల మూసి ఉన్నదంతా సందు దొరికిన చోటల్లా బయటికి తన్నుకొస్తుంది. ముల్లు దిగితే సీసాలు రెట్టింపు పట్టాలన్నది వాళ్ళ దగ్గర రూలు. అంటే ఇవాళ ఇక్కడ నిన్నటికంటే ఎక్కువుండాలి. సున్నా ఎలా ఉంటుంది?

నేలమీద ఆనించిన చేతికి ఏదో తడిగా తగిలింది.

చాప మడిచింది. గోడకూ నేలకూ మధ్య, మూలనుంచి మూలదాకా, మూరెడు వెడల్పున తడిమట్టి పూసి ఉంది. నున్నగా, అంచులు తీర్చి, మీద వేళ్ళ గుర్తు కూడా లేకుండా చేసిన పని. అలాంటి పని చెయ్యగలిగిన మనిషి ఆ ఊరు మొత్తానికి ఒక్కడే ఉన్నాడు.

*

"మామయ్యా, చేతులు చూపించండి."

ముసలాయన చేతులు పంచె మడతల్లో దాచుకున్నాడు. నలభై ఏళ్ళు గనిలో గోడలు కట్టిన మేస్త్రీ ఆయన. గోడ పూర్తయ్యాక అరచెయ్యి ఆనించి వేడి చూడటం ఆ పనివాళ్ళ అలవాటు. వెచ్చగా తగిలితే వెనకాల నిప్పున్నట్టు. ఆయన చెయ్యి తప్పు చెప్పదని గనంతా పేరు.

"నాన్నా, చూపించు, పోనీ," అన్నాడు కొడుకు.

గోళ్ళ సందుల్లో బంకమట్టి ఇంకా ఆరలేదు.

"నువ్వు పనికెళ్ళిన వెంటనే పూశాను," అన్నాడు ముసలాయన, కోడలి కాళ్ళవైపు చూస్తూ. "గోడ వారన పగులు తెరుచుకుంది. మూసేశాను. ఇంక రాదమ్మా. నేను మూసిన చోట రాదు."

"చూశావా!" మొగుడు రెండు చేతులూ చరిచాడు. "తీరిపోయింది గొడవ! సరిగ్గా చూసి మూశాడు నాన్న. ఆఫీసూ వద్దు, ఏమీ వద్దు. మన ఇల్లు మనం బాగుచేసుకున్నాం."

సీసాలమ్మ మొగుడివైపు చూడలేదు. "మట్టికింద పాత సిమెంటు గీత ఒకటుంది మామయ్యా. నల్లబడింది కూడా. అది ఎప్పుడు పూశారు?"

వసారా చూరుకింద పాతడబ్బా ఒకటి గాలికి దొర్లుకుంటూ పోయింది.

"ఎప్పుడు?"

"రెండు నెలలైంది."

"అంటే మీకు అప్పటినుంచీ తెలుసా?"

కొడుకు దగ్గరికి పోయి భుజంమీద చెయ్యి వేస్తే ముసలాయన ఆ చెయ్యి మెల్లిగా తీసేశాడు.

"తెలుసురా. నేల వెచ్చబడ్డ మొదటి ఏడాదే తెలుసు. కింద మూసింది నేనే, ఆ గోడ నాది. నా గోడ కారదని అందరిముందూ అన్నాను. అన్నాక..." గోళ్ళ సందుల్లోని మట్టి గీక్కున్నాడు. "ఏళ్ళ తరబడి వేడి మాత్రమే వచ్చేది. హాయిగానే ఉండేది కదా! రెండు నెలల కిందట ఒక రోజు పిల్ల తలనొప్పంది. వంగి చూస్తే సన్నగా పగులు. సిమెంటు పూశాను. మర్నాటికల్లా పిల్ల తలనొప్పి పోయింది."

"పిల్ల తలనొప్పి పోయింది," అంది సీసాలమ్మ మెల్లిగా. "ఆ తర్వాత రెండు రోజులకు ఏం జరిగింది మామయ్యా?"

ముసలాయన కళ్ళు మూసుకున్నాడు.

రెండు రోజులకు పక్కింటి గడియారాలాయన పోయాడు. నాలుగో ఇంట్లో ఒక్కడే ఉండి గడియారాలు బాగుచేసుకునే మనిషి. పొద్దున తలుపు తోసి చూస్తే కుర్చీలో కూచున్నవాడు కూచున్నట్టే ఉన్నాడు, ముందు బల్లమీద విప్పిన గడియారం. గుండె ఆగిందన్నారు. అదృష్టవంతుడు, నిద్రలోనే పోయాడన్నారు. చెంపలు గులాబీ రంగులో ఉంటే, చావులోనూ ఏం కళ అనుకున్నారు. సీసాలమ్మ కూడా వెళ్ళి చూసింది. ఆమె కూడా అదే అనుకుంది.

ఆ గాలి పీల్చి పోయినవాళ్ళ చెంపలు గులాబీ రంగులోకి తిరుగుతాయని ఉద్యోగానికి ముందు పరీక్షలో రాసిన మనిషి ఆమె. ఆ ప్రశ్నకు నూటికి నూరు మార్కులొచ్చాయి.

"ఇక్కడ మూశారు. అక్కడ లేచింది," అంది.

"నాకప్పుడు తట్టలేదమ్మా! ఒట్టు. ఆయన మొహం చూశాకే తెలిసింది." ముసలాయన ఏడుస్తున్నాడు. అంత పెద్దమనిషి ఏడవటం ఆ ఇంట్లో ఎవరూ చూడలేదు. "మనిషి పోనే పోయాడు. చెబితే ఏమొస్తుందని ఊరుకున్నాను. ఊరుకుందామంటే తిన్నది లోపలికి పోదు, పడుకుంటే కన్ను పడదు. వారం తర్వాత ఎవరూ లేనప్పుడు ఆ ఇంట్లో దూరి, అక్కడి పగులు కూడా మూసేశాను."

మొగుడు తండ్రినీ పెళ్ళాన్నీ మార్చి మార్చి చూస్తున్నాడు. చల్లగాలి వీస్తున్నా అతని మెడమీద చెమట కారుతోంది.

సీసాలమ్మ ముసలాయన ముందు కూచుని రెండు చేతులూ పట్టుకుంది. కోపం తర్వాత పడొచ్చు. ఏడవడం కూడా తర్వాతే.

"మామయ్యా, నా మాట వినండి. కింద నిప్పు ఆరలేదు. పైన గాలి తేలికపడింది, కింద ఉన్నదంతా ఇవాళ పైకి తన్నుతోంది. మూస్తే అది పోదు. చోటు మారుతుంది, అంతే. ఇక్కడ మూశారు. నాలుగో ఇంట్లో మూశారు. ఇప్పుడు ఎటు లేస్తుంది?"

పని మాట వినగానే ముసలాయన తల ఎత్తాడు. కళ్ళు తుడుచుకున్నాడు. నేలమీద తడివేలితో గీత గీశాడు, నలభై ఏళ్ళు గనిలో గీసినట్టే.

"ఒకటి, రెండు ఇళ్ళు రాతిమీద ఉన్నాయి. బొగ్గు పొర అటు పోదు. ఇటు పోతుంది." వేలు జరిగింది. "ఇది మనది, ఇది గడియారాలాయనది. ఐదో ఇంటివాళ్ళు పోయినేడు నేలంతా తవ్వి కాంక్రీటు పోయించారు. అక్కడ సందు దొరకదు."

వేలు గీత చివర ఆగింది.

"ఆరు," అన్నాడు. "ఆరో ఇంట్లో లేస్తుంది. ఒరేయ్, పంతులమ్మను బయటికి రమ్మని చెప్పిరా. నయం, తుఫానని ఇవాళ పిల్లల్ని ఎవరూ పంపలేదు. ఆవిడ ఒక్కతే ఉంటుంది."

వెళ్ళబోయిన కొడుకు పెళ్ళాం మొహం చూసి ఆగిపోయాడు.

ముసలాయన ఇద్దరి మొహాలూ చూశాడు. వసారా చుట్టూ చూశాడు. వెనక గది గుమ్మంవైపు చూశాడు.

"పిల్లేది?" అన్నాడు. "పొద్దున నువ్వు ఎత్తుకెళ్ళింది ఆసుపత్రికి కాదూ?"

*

పిల్ల ఆరో ఇంట్లోనే ఉందని ఎప్పుడు అరిచిందో, తను ఎప్పుడు లేచిందో, వీధిలో ఎప్పుడు పడిందో సీసాలమ్మకు తెలియదు. ఎదురుగాలి దుమ్ము కళ్ళలో కొడుతోంది. మీటరు చేతిలోనే ఉంది. నాలుగో ఇల్లు, తాళం. ఐదో ఇల్లు, తలుపులు బిగించి ఉన్నాయి. ఆరడుగులు ముందు మొగుడు పరిగెడుతున్నాడు. ఒక చెప్పు ఎక్కడో ఊడిపోయింది. మధ్యాహ్నం ఒంటిగంట కూడా కాలేదు, సాయంకాలంలా మసక కమ్మింది.

భోజనాలయ్యాక పంతులమ్మ పిల్లల్ని పడుకోబెడుతుంది. పక్కన తనూ నడుం వాలుస్తుంది. అది గుర్తొచ్చి సీసాలమ్మ ఇంకా జోరుగా పరుగెత్తింది.

ఆరో ఇంటి కిటికీలన్నీ మూసి ఉన్నాయి. వాకిలి తలుపు గాలికి కొట్టుకోకుండా లోపల గడియ పెట్టి ఉంది. దుమ్ము రాకుండా తలుపు కింద సందులో ఎర్రగుడ్డ కుక్కి ఉంది, ఈ చివరనుంచి ఆ చివరదాకా, ఎంతో ఒద్దికగా.

"పంతులమ్మా!" మొగుడు రెండు చేతులతో తలుపు బాదాడు. "పంతులమ్మా! తలుపు తియ్యండి! బొంగరం! నేను, నాన్ననమ్మా! లే!"

సీసాలమ్మ మోకాళ్ళమీద పడి ఎర్రగుడ్డ లాగింది. ఊడి వచ్చింది. సందులో మీటరు పెట్టింది. రెండు నిమిషాలు ఆగనక్కర్లేకపోయింది. డబ్బా కీచుమని అరవడం మొదలుపెట్టింది. ముప్పై. ఎనభై. నూట అరవై. రెండువందల పది. అంకె నిలబడటం లేదు, ఎక్కుతూనే ఉంది.

ఆ కీచుమనే చప్పుడు లారీ డ్రైవరుకు తెలియనిది కాదు. గనిలో అది మోగితే ఎక్కడివాళ్ళక్కడ పనిముట్లు పారేసి పరుగెత్తుతారు. అతను పరుగెత్తలేదు. వెనక్కి రెండడుగులు వేసి భుజంతో తలుపును గుద్దాడు. తలుపు మూలిగింది గానీ కదల్లేదు.

"గ్యాసు!" అని అరిచాడు వీధి మొత్తం వినిపించేలా, ఇందాక ఎవరికీ చెప్పొద్దన్న ఆ గొంతుతోనే. "ఆరో ఇంట్లో గ్యాసు! ఎవరైనా ఆఫీసుకు పోండి! సైరను మోగించండి! పాత సొరంగం రాజుకుందని చెప్పండి!"

ఐదో ఇంటి తలుపు తెరుచుకుంది. ఎవరో బయటికొచ్చి, మీటరు మోత విని, గనివైపు పరుగు తీశారు.

మొగుడు మళ్ళీ గుద్దాడు. సీసాలమ్మ రాయి తెచ్చి కిటికీ అద్దంమీద కొట్టింది. అద్దం పగిలింది, వెనక చెక్కరెక్క అలాగే ఉంది. చెయ్యి తెగింది. ఎక్కడ తెగిందో చూసుకోలేదు. పగిలిన చోట మొహం పెట్టి, "బొంగరం! నేను, అమ్మని! నేలమీంచి లే తల్లీ! మంచమెక్కు!" అని అరుస్తూనే ఉంది.

మోకాళ్ళు సహకరించని ముసలాయన గోడలు పట్టుకుంటూ అప్పటికి చేరాడు. ఆయన తలుపు దగ్గరికి రాలేదు. ఇంటి పక్కగోడ దగ్గర ఆగి, నేలకు దగ్గరగా వంగి, అలవాటు ప్రకారం అరచెయ్యి ఆనించాడు. చెయ్యి చురుక్కుమన్నట్టు వెంటనే తీసేశాడు. తర్వాత ఏం చెయ్యాలో తోచనివాడిలా ఆ చేతినే చూసుకుంటూ నిలబడ్డాడు.

నాలుగో గుద్దుకు పై గడియ విరిగింది. కింది గడియ ఇంకా ఉంది.

"ఆగు!" అంది సీసాలమ్మ. "ఒక్క క్షణం, ఆగు!"

మొగుడు ఆగాడు. రొప్పుతూ చెవి తలుపుకు ఆనించాడు. ఆమె కూడా ఆనించింది. గాలి హోరు, మీటరు కీచు, ముసలాయన ఎగశ్వాస. వీటన్నిటి వెనకనుంచి, లోపల్నుంచి, దగ్గు వినిపించింది.

మొగుడి మొహం వెలిగింది. "ఉన్నారు! బతికే ఉన్నారు! విన్నావా?"

సీసాలమ్మ విన్నది. ఊపిరి బిగబట్టి ఇంకా వింటోంది. లోపల ఉన్నది ఇద్దరు. ఆ దగ్గు మళ్ళీ వచ్చింది, మళ్ళీ అదే. రెండో దగ్గు కోసం ఆమె చెవిని తలుపుకు నొక్కిపెట్టింది.

ఆ దగ్గు పెద్దవాళ్ళది.